కింది పట్టు

మా ఆయన్ని మా బిల్డింగుకి ప్రెసిడెంటుగా ఎన్నుకున్న రోజు ఆయన అసలు మీటింగుకే వెళ్ళలేదు. టైలరింగ్ షాపులో స్కూలు యూనిఫారాల పని నెత్తిమీద కూర్చుంది. పొద్దుటి నుంచి కటింగ్ బల్ల ముందు నిలబడి నిక్కర్లు కత్తిరించి, కాళ్ళు పీకుతుంటే ఇంటికొచ్చి అలా నడుం వాల్చాడో లేదో, మూడో అంతస్తు డ్రైవరు తలుపు కొట్టాడు.

"అన్నా, నిన్ను ప్రెసిడెంటుని చేసేశారు."

"నేనేం తప్పు చేశాన్రా?" అన్నాడు మా ఆయన.

ముగ్గురం నవ్వుకున్నాం. కానీ జరిగింది అదే. ఆ పదవి ఎవరికీ అక్కర్లేదు. మొదటి అంతస్తు కాంట్రాక్టరు పదేళ్ళు ప్రెసిడెంటుగా ఉన్నాడు. మున్సిపల్ ఆఫీసువాళ్ళు వచ్చి స్తంభాలు తట్టి చూసి, బిల్డింగు ప్లాను ప్రకారం కట్టలేదని గోడమీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేసి వెళ్ళిన మర్నాడే ఆయనకి తనకి బీపీ ఉన్న సంగతి గుర్తొచ్చింది. రాజీనామా చేశాడు. మీటింగుకి వచ్చినవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, రానివాడి పేరు రాసేశారు.

"ప్రెసిడెంటంటే ఏం చెయ్యాలి?" అని నన్నడిగాడు ఆ సాయంత్రం.

"ఏముంది, అందరి చేతా తిట్లు తినడమే."

"అదైతే షాపులో అలవాటే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చూద్దును కదా, మెట్లు ఊడుస్తున్నాడు. గుర్తు పడ్డాక తుడిచే మనిషి పని మానేసింది. పదిహేను రోజులుగా మెట్లమీద దుమ్ము, చిత్తు కాగితాలు. పైనుంచి కిందిదాకా చీపురు పట్టుకుని వంగుని దిగుతున్నాడు. రెండో అంతస్తు ఆడవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు తలకొట్టేసినట్టయింది.

"వేరే మనిషిని మాట్లాడొచ్చు కదండీ!"

"మాట్లాడదాం. ఈలోపు దుమ్ము ఆగదు కదా."

ఆయన ఎప్పుడూ అంతే. పెద్ద పెద్ద మాటలు రావు. గుడ్డ ముందు పెడితే కొలత చూసి కత్తెర పెడతాడు, అంతవరకే.

అసలు కష్టం లిఫ్టుతో మొదలైంది. మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య వేలాడుతూ ఆగిపోయింది. మెకానిక్కు వచ్చి చూసి, బాగుచెయ్యగలను గానీ గుర్తు వేసిన బిల్డింగులో చెయ్యి పెడితే నా లైసెన్సు పోతుంది, ఆఫీసు నుంచి కాగితం తెండి అన్నాడు. మాకు నాలుగో అంతస్తు, ఎలాగో ఎక్కేవాళ్ళం. ఐదో అంతస్తులో లెక్కల టీచరమ్మ ఉంది.

ఆవిడ రిటైరై ఎనిమిదేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలితో ఉంటుంది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమవారం, బుధవారం, శుక్రవారం ఆస్పత్రికి వెళ్ళి మిషను మీద నాలుగు గంటలు రక్తం శుభ్రం చేయించుకోవాలి. మానితే ఒంట్లో నీరు చేరిపోతుంది. మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి, నాలుగు మెట్లు దిగేసరికే ఊపిరి అందదు.

లిఫ్టు ఆగిన రోజు సోమవారమే. మా ఆయనా డ్రైవరూ కలిసి ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించారు. మూడో అంతస్తు దగ్గర కుర్చీ కాలు విరిగింది. మిగతా మెట్లు మా ఆయన వీపుమీద ఎక్కించుకుని దిగాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. నలభై ఏళ్ళు బెత్తం పట్టుకున్న మనిషి, బజారంతా చూస్తుండగా ఒక మగాడి వీపుమీద!

ఆ సాయంత్రమే మా ఆయన షాపు నుంచి మందపాటి కాన్వాసు గుడ్డ తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టి, రెండు వరసల కుట్టు వేసి బెల్టులు చేశాడు. మా ఇంట్లో ఉన్న చెక్క కుర్చీకి బిగించాడు. వీపు వెనక ఒక పట్టు, ముందు కాళ్ళ దగ్గర ఒక పట్టు, మనిషి ముందుకి పడకుండా నడుముకి ఒక బెల్టు. మోకాళ్ళమీద కప్పుకోడానికి ఒక గుడ్డ కూడా కుట్టాడు. చీర పక్కకి తొలిగితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని. ఆ గుడ్డ సంగతి నాకు తట్టలేదు. ఆడదాన్నయి ఉండీ తట్టలేదు.

ఐదో అంతస్తు నుంచి కిందికి తొంభై మెట్లు, తొమ్మిది మలుపులు. మెట్లు ఇరుకు. పైన ఒకరు, కింద ఒకరు, అంతకన్నా మనుషులు పట్టరు. దిగేటప్పుడైనా ఎక్కేటప్పుడైనా బరువంతా కిందివాడి మీదికే వాలుతుంది. పై పట్టు పట్టేవాళ్ళు రెండంతస్తులకోసారి మారేవారు. కింది పట్టు మాత్రం మా ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

"అన్నా, మార్చుకుందాం," అనేవాడు డ్రైవరు ప్రతి మలుపులోనూ.

"నేను పొట్టివాణ్ణి, నాకు కిందే వీలు."

డ్రైవరు కంటే మా ఆయన నాలుగు వేళ్ళు ఎత్తే.

మెట్ల మొదట్లో గోడకి ఒక కాగితం అంటించాడు. ఏ రోజు ఎవరు వస్తారో పేర్లు రాసుకోమన్నాడు. మొదటి నెల ఐదుగురు రాశారు. వాళ్ళలో రెండో అంతస్తు బ్యాంకు గుమాస్తా ఒకడు. మేమతన్ని 'రేపుగారు' అనేవాళ్ళం. ఏది అడిగినా "రేపు తప్పకుండా" అంటాడు. చిన్నప్పుడు టీచరమ్మ దగ్గర చదువుకున్నాడట.

"వీడు హోంవర్కు గురించి కూడా ఇదే చెప్పేవాడు," అంది ఆవిడ కుర్చీలోంచి. మెట్లమీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నెలలో అతను నాలుగుసార్లు వచ్చాడు, అబద్ధం ఎందుకు.

ఆవిడకి హాస్యం ఎక్కువ. "వెళ్ళేటప్పుడు ఒంట్లో నీరు మూడు కేజీలు ఎక్కువ, కానీ దిగుడు. వచ్చేటప్పుడు మూడు కేజీలు తక్కువ, కానీ ఎక్కుడు. దేవుడు కూడా లెక్క సరిచేశాడు చూశారా," అనేది. మా ఆయనకి ఎక్కేటప్పుడు జవాబు చెప్పే ఊపిరి ఉండేది కాదు. తల ఊపేవాడు.

కాగితం కోసం మా ఆయన షాపుకి సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళేవాడు. ఒకసారి నేనూ వెళ్ళాను. ఫైళ్ళు బీరువాల్లో పట్టక కుర్చీలమీద కూర్చున్నాయి, మేం నిలబడ్డాం. ఇంజనీరు మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"లిఫ్టు బాగుచెయ్యడానికి నేను పర్మిషన్ ఇస్తే బిల్డింగు బాగానే ఉందని ఒప్పుకున్నట్టు. మీ బిల్డింగువాళ్ళు కోర్టులో వేసిన కేసు తేలేదాకా మేకు కూడా కొట్టకూడదు."

"అప్పటిదాకా ఆవిడ సంగతేమిటి సార్?"

"దరఖాస్తు పెట్టుకోండి."

"ఏమని పెట్టుకోమంటారు?"

ఇంజనీరు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, పక్కనున్న గుమాస్తా వంక చూశాడు. గుమాస్తా సొరుగు లాగి కాగితాలు తిరగేసి, "దానికి ఫారం లేదండీ," అన్నాడు.

కాంట్రాక్టరుకి మొదటి అంతస్తులో రెండు వాటాలున్నాయి. ఒకదాంట్లో కాపురం, రెండోదాంట్లో టైల్సు, కమ్మీలు, రంగు డబ్బాలు. మా ఆయన వెళ్ళి, కేసు తేలేదాకా ఆ వాటా టీచరమ్మకి ఇవ్వమని బతిమాలాడు. సామానంతా తానే మోసి ఐదో అంతస్తులో సర్దుతానన్నాడు.

"ఎంత మాట, ప్రెసిడెంటు గారూ! మీరడిగితే కాదంటానా," అన్నాడు కాంట్రాక్టరు కుర్చీ వేసి. "కానీ లాయరు ఒప్పుకోడు. ఎవరి వాటాలో వాళ్ళుండాలి, ఒక్కరు కదిలినా కేసు పాడవుతుంది. అయినా మీరున్నారుగా, మాకదే ధైర్యం."

బయటికొచ్చాక నేను పళ్ళు నూరాను. "వాడి మొహాన నాలుగు కడిగి రావలసింది."

"కడిగితే వాటా ఇస్తాడా?" అన్నాడు మా ఆయన.

రెండో నెలకి కాగితం మీద పేర్లు మూడయ్యాయి. మూడో నెలలో డ్రైవరు ఇల్లు ఖాళీ చేశాడు. చిన్నపిల్లలున్నవాడు, ఏ క్షణాన ఏ పెచ్చు ఊడిపడుతుందో అని వాళ్ళావిడకి కంటిమీద కునుకు లేదు. వెళ్ళే రోజు కూడా టీచరమ్మని దించి మరీ వెళ్ళాడు. మా ఆయన చేతులు పట్టుకుని, "పారిపోతున్నానన్నా," అని ఏడ్చాడు.

"పిల్లల్ని చూసుకోవడం పారిపోవడమా? పో, పో," అని మా ఆయనే వాళ్ళ పరుపుచుట్ట ఆటో మీదికి ఎక్కించాడు.

ఒకరిని చూసి ఒకరు, ఇంకో నాలుగు ఇళ్ళు ఖాళీ అయ్యాయి. రేపుగారు మెట్లమీద ఎదురుపడితే ఫోను చెవికి పెట్టుకుని దిగిపోయేవాడు. ఒకసారి ఆ ఫోను చెవి దగ్గరుండగానే మోగింది. మా ఆయన చూడనట్టు పక్కకి తిరిగాడు.

అప్పుడు పై పట్టు నేను పట్టాను. టీచరమ్మ చెల్లెలూ నేనూ, రెండంతస్తులు ఆమె, రెండంతస్తులు నేను. నా అరచేతులు కాయలు కాశాయి. పై పట్టే అంత బరువుంటే కింది పట్టు ఎంతుంటుందో అప్పుడు తెలిసింది నాకు. ముందుకి చూస్తే టీచరమ్మ నెరిసిన జడ, ఆ జడ కింద మా ఆయన మొహం. మెడలో నరాలు తాళ్ళలా లేచేవి. ఒక్క మాట అనేవాడు కాదు. మలుపు వచ్చినప్పుడు మాత్రం, "టీచరమ్మగారూ, తిరుగుతున్నాం," అని చెప్పేవాడు. ఆవిడ ఉలిక్కిపడకుండా. అలా తొమ్మిదిసార్లు.

ఐదో నెలలో ఒక బుధవారం, ఆస్పత్రి నుంచి వచ్చి ఎక్కుతుండగా, మూడో అంతస్తు దాటాక ఆయన నడుం కలుక్కుమంది. ఆ చప్పుడు నాకు వినపడిందనే అనిపిస్తుంది ఇప్పటికీ. ఆయన కుర్చీ వదల్లేదు. మోకాలు మెట్టు మీద ఆనించి, కుర్చీ కాలు తొడమీద నిలబెట్టుకుని అలాగే ఉండిపోయాడు. వదిలితే ఆవిడ కిందిదాకా దొర్లిపోతుంది.

"దించండి, నేను నడుస్తాను, నన్ను దించండి!" అని అరిచింది ఆవిడ. ఆవిడ గొంతు పెంచడం ఆ ఒక్కసారే విన్నాను. చెల్లెలూ నేనూ ఇద్దరం కలిసి కుర్చీని పైమెట్టుకి లాగాం. ఆయన తొడమీద కుర్చీ కాలు దిగి గుంట పడిపోయింది. మిగిలిన మెట్లు ఆవిడ కూర్చునీ, చేతులతో పాకుతూనూ ఎక్కింది. గంట పట్టింది.

వెన్నులో పూస జారిందన్నాడు డాక్టరు. మూడు వారాలు చెక్కమీద పడుకోవాలి, ఇక జన్మలో బరువెత్తకూడదు. షాపు యజమాని మర్నాడే కటింగ్ బల్ల దగ్గర ఇంకొకర్ని పెట్టుకున్నాడు. ఆ సంగతి చెప్తే మా ఆయన "అలాగా" అన్నాడు. ఆయన బెంగంతా ఒకటే.

"శుక్రవారానికి ఎవరు?"

ఇల్లిల్లూ తిరిగాను. శుక్రవారం రేపుగారు తల వంచుకుని వచ్చాడు, ఇంకొకర్ని వెంటబెట్టుకుని. సోమవారం ఎవరూ రాలేదు. బట్టలు ఆరేసి లోపలికొచ్చేసరికి మా ఆయన లేచి, నడుముకి బెల్టు చుట్టుకుని, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేశాడు. మొహం పాలిపోయి ఉంది.

"మీకేమైనా మతిపోయిందా? డాక్టరేమన్నాడు?"

"కింది పట్టు పట్టనే. పై పట్టు పట్టుకుంటా. ఎవరో ఒకరు దొరక్కపోరు కిందికి."

"ఎవరూ దొరకరు! బిల్డింగంతా తలుపులేసుకుని కూర్చుంది. వాళ్ళకి లేని బాధ మీకెందుకు?"

"వాళ్ళు నా పేరు రాశారు కదా," అన్నాడు. ఎగతాళి లేదు, పౌరుషం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. వాళ్ళు ఆ పేరు ఎందుకు రాశారో తెలిసి కూడా.

ఆయన్ని మంచం దాకా నడిపించి పడుకోబెట్టాను. అయిదు నిమిషాల్లో వస్తానని చెప్పి ఐదో అంతస్తుకి వెళ్ళాను.

టీచరమ్మ తయారై కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో ఆస్పత్రి ఫైలు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టట్లేదు. చెల్లెలు వంటింట్లో ఉంది. ఆవిడ నన్ను చూసి, "మీ ఆయనకెలా ఉందమ్మాయ్?" అంది.

నేను దారిపొడుగునా ఏమేమో మాటలు కూర్చుకుని వెళ్ళాను. అవేవీ రాలేదు. కింద కూర్చుని ఆవిడ పాదాలు పట్టుకున్నాను. "టీచరమ్మగారూ, మీరు వద్దనండి. నేను చెప్తే ఆయన వినడు. మీరు వద్దంటేనే ఆగుతాడు. నాకాయన తప్ప ఎవరూ లేరు."

ఆవిడ తన పాదాలు వెనక్కి తీసుకుంది.

"రెండు నెలలు ఆలస్యంగా వచ్చావు," అంది. "నువ్వెప్పుడొస్తావా అని చూస్తున్నాను. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా కళ్ళు మూసుకుంటాను, చూశావుగా. కళ్ళు మూసుకోవచ్చు. మీ ఆయన ఊపిరి వినపడకుండా చెవులెలా మూసుకోను? నా అంతట నేనే మానేద్దామనుకున్నాను. భయమేసింది. బతకాలనే ఉందమ్మాయ్, ఈ వయసులో కూడా. సిగ్గుగా ఉంది చెప్పడానికి."

నేను ఏడుస్తున్నాను. ఆవిడ నా తల నిమిరి ఫైలు బల్లమీద పెట్టేసింది.

"పో. డాక్టరు వారానికి ఒక్కసారి చాలన్నాడని చెప్పు. వచ్చేవారం చూద్దామన్నానని చెప్పు."

కిందికొచ్చి అదే చెప్పాను. మా ఆయన మొహం తేటపడింది. "నిజంగా? అయితే నయమవుతోందన్నమాట," అన్నాడు. ఆ పూట తృప్తిగా అన్నం తిన్నాడు. ఆయన్ని చూస్తూ నేను నా కంచం పక్కకి జరిపేశాను.

ఆవిడ పన్నెండు రోజులుంది. మధ్యలో ఒక్కసారి చెల్లెలు ఎక్కణ్ణుంచో ఇద్దరు కూలీల్ని పిలుచుకొచ్చి దింపించింది. రెండోసారి వాళ్ళు గోడమీది గుర్తు ఏమిటో తెలిసి రామన్నారు. చివరి రెండు రోజులూ పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉందట. నేను పైకి వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చి మా గుమ్మంలో నిలబడింది. ఏం చెప్పనక్కర్లేకపోయింది.

ఆవిణ్ణి కిందికి దించడానికి ఆ రోజు తొమ్మిదిమంది మగాళ్ళు వచ్చారు. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు కూడా కబురు తెలిసి వచ్చారు. కాంట్రాక్టరు తెల్లచొక్కా వేసుకుని ముందు నిలబడి, "జాగ్రత్త, మెల్లగా," అంటున్నాడు. రేపుగారు వెక్కి వెక్కి ఏడ్చాడు. అతనిది దొంగ ఏడుపు కాదు, అది నేను చెప్పగలను. కానీ ఏం లాభం? ఇరుకు మెట్లమీద అంతమంది పట్టక ఒకరినొకరు తోసుకున్నారు. మా ఆయన బెల్టు కట్టుకుని కింద గేటు పట్టుకుని నిలబడ్డాడు, అది గాలికి మూసుకుపోకుండా.

నెల తర్వాత కేసు తేలింది. బిల్డింగు కూల్చెయ్యాలి, నలభై రోజుల్లో అందరూ ఖాళీ చెయ్యాలి. ఆ నోటీసు చదువుతుండగా ఇక దాచుకోలేకపోయాను. ఆ రోజు పైకి వెళ్ళి నేనేం అడిగానో, ఆవిడేం అందో మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున టీ గ్లాసు అందుకుంటూ అన్నాడు.

"నువ్వు అడిగింది తప్పని నేననను. నేనే అడగలేదు. ఐదు నెలలు మోశాను, ఇలా మోయించుకోవడం మీకెలా ఉందండీ అని ఆవిణ్ణి ఒక్కరోజు అడగలేదు. మోస్తే చాలనుకున్నాను."

"అడిగితే ఏం చేసేవారు?"

"ఏమో. ఏం చెయ్యగలను?"

ఇప్పటికీ ఇద్దరం ఒకే మంచం మీద పడుకుంటాం, ఒకే కంచం దగ్గర కూర్చుంటాం. మాటల మధ్యలో ఆవిడ సంగతి వస్తే ఇద్దరం ఒకేసారి ఆగిపోతాం.

ఖాళీ చేసే రోజుల్లో ఆయన బరువెత్తలేడు. అయినా ఇంట్లో కూర్చోలేదు. ఎవరింటి సామాను దిగుతుంటే వాళ్ళ మెట్ల దగ్గర నిలబడి మలుపుల్లో బీరువా మూల గోడకి తగలకుండా దారి చెప్పేవాడు. కాంట్రాక్టరు టైల్సు దిగినప్పుడు కూడా నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. "ఇంకా ఎవరికండీ ప్రెసిడెంటు మీరు?" అన్నాను.

"ఇంకా మూడిళ్ళున్నాయి కదా," అన్నాడు.

మేం తప్ప, టీచరమ్మ చెల్లెలు అందరికంటే ఆఖర్న వెళ్ళింది. ఆమెకి ఎటూ దారి దొరక్క, ఎవరో దూరపు బంధువులు తమ వసారాలో చోటిచ్చారు. ఆమె సామాను రెండు ట్రంకు పెట్టెలు, ఒక మంచం, టీచరమ్మ పుస్తకాలు. మోసేవాళ్ళు లేరు. పెట్టెలూ మంచమూ నేనూ ఆమే దించాం. టీచరమ్మ పుస్తకాల్ని మా ఆయన ఒక్కొక్కటిగా, రెండేసిగా పట్టుకుని తొంభై మెట్లూ దిగుతూ ఎక్కుతూ సాయంత్రం దాకా తిరిగాడు. ఆటో కదిలాక మేమిద్దరం మిగిలిన మా సంచులు తీసుకుని, ఊరి చివర అద్దెకి తీసుకున్న గదికి వెళ్ళడానికి బస్టాపుకి నడిచాం. మూడు బస్సులు నిండుగా వచ్చాయి. ఆయన నడుం పట్టేసి నిలబడలేక ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నాలుగో బస్సు కూడా ఆగలేదు.